కాలువ వచ్చింది, యుద్ధం ఆగింది... నాద్ అలీలో కూలి మాత్రం పోయింది

2025 అక్టోబరులో అఫ్గానిస్థాన్ విదేశాంగ మంత్రి అమీర్ ఖాన్ ముత్తఖీ దిల్లీకి వచ్చినప్పుడు మన దేశంలో చర్చంతా రెండు విషయాల చుట్టూ తిరిగింది. ఒకటి, ఆయన తొలి విలేకరుల సమావేశంలో మహిళా జర్నలిస్టులు లేకపోవడం. రెండోది, కాబూల్‌లోని మన టెక్నికల్ మిషన్‌ను మళ్లీ రాయబార కార్యాలయంగా మార్చాలన్న నిర్ణయం. ఉమ్మడి ప్రకటనలోని మరో అంశాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. నీటి నిర్వహణ, జలవిద్యుత్ ప్రాజెక్టుల్లో సహకరించుకుంటామని, తద్వారా అఫ్గాన్ వ్యవసాయానికి తోడ్పడతామని రెండు దేశాలూ చెప్పుకున్నాయి.

అఫ్గానిస్థాన్‌లో నీళ్లు, వ్యవసాయం, విదేశీ సాయం అనే మూడు మాటలు కలిసిన చోట ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే ముత్తఖీ పుట్టిన జిల్లా కంటే మంచి ఉదాహరణ దొరకదు. హెల్మండ్ ప్రావిన్సులోని నాద్ అలీ ఆయన స్వస్థలం. ప్రావిన్సు రాజధాని లష్కర్ గాకు పశ్చిమాన ఉండే ఈ జిల్లాలో ఎక్కువ మంది పష్తూన్ రైతులు. హజారా తదితర వర్గాల కుటుంబాలూ ఉన్నాయి. డెబ్బై ఏళ్లలో ఇక్కడికి అమెరికన్ ఇంజినీర్లు, సోవియట్ సైనికులు, బ్రిటిష్ దళాలు, మళ్లీ అమెరికన్ మెరైన్లు వచ్చి వెళ్లారు. తాలిబాన్లు రెండుసార్లు అధికారంలోకి వచ్చారు. వచ్చిన ప్రతివారూ ఏ పంట వేయాలో చెప్పారు. భూమి లేని కుటుంబం ఏడాది పొడవునా ఎలా బతకాలన్న ప్రశ్నను మాత్రం ఎవరూ చివరిదాకా పట్టించుకోలేదు.

అమెరికా తవ్విన కాలువ

నాద్ అలీ ఇప్పుడున్న రూపంలో పాత ఊరేమీ కాదు. రాజు జహీర్ షా ప్రభుత్వం 1946లో మోరిసన్-నూడ్‌సెన్ అనే అమెరికన్ కంపెనీతో ఒప్పందం కుదుర్చుకుంది. హూవర్ డ్యామ్ నిర్మాణంలో పాలుపంచుకున్న కంపెనీ అది. కరకుల్ గొర్రెపిల్లల తోళ్ల ఎగుమతితో వచ్చిన డాలర్లు, ఆ తర్వాత అమెరికా ఎగ్జిమ్ బ్యాంకు అప్పు దీనికి పెట్టుబడి. హెల్మండ్ నది మీద కజకీ డ్యామ్ 1953 నాటికి పూర్తయింది. దిగువన గిరిష్క్ దగ్గర మొదలయ్యే బోగ్రా కాలువ నాద్ అలీ, మార్జా ప్రాంతాల బీడు భూములకు నీళ్లు తెచ్చింది. అమెరికాలోని టెనెసీ వ్యాలీ అథారిటీ నమూనాలో హెల్మండ్ వ్యాలీ అథారిటీ ఏర్పడింది. మన దామోదర్ వ్యాలీ కార్పొరేషన్‌కు కూడా అదే నమూనా. లష్కర్ గాలో అమెరికన్ ఇంజినీర్ల కాలనీ చూసి జనం ఆ ఊరిని 'లిటిల్ అమెరికా' అనేవారు.

కాలువ కింద సాగులోకి వచ్చిన భూమిలో స్థిరపడేందుకు దేశం నలుమూలల నుంచి భూమిలేని కుటుంబాలను, సంచార పశుపోషకులైన కూచీలను తెచ్చారు. ఖరోటీ, నూర్జై లాంటి పష్తూన్ తెగలు ఇక్కడ పక్కపక్కన స్థిరపడ్డాయి. ఈ వలసకు రాజకీయ ఉద్దేశం కూడా ఉంది. తిరుగుతూ బతికేవాళ్లను ఒకచోట నిలిపి, పన్నులు కట్టే రైతులుగా మార్చాలని కాబూల్ అనుకుంది.

కానీ నేల సహకరించలేదు. నాద్ అలీలో పైమట్టి పలచన. కొద్ది లోతులోనే నీరు ఇంకని గట్టి పొర ఉంది. మురుగు నీరు పోయే దారి చూడకుండా కాలువ వదలడంతో కొన్నేళ్లకే పొలాలు ఊటెక్కి, ఉప్పు పైకి తేలి చౌడుబారాయి. ఎందరో భూములు వదిలి వెళ్లిపోయారు. మురుగు కాలువల గురించి గట్టిగా ఆలోచించడం 1970లలో గాని మొదలు కాలేదు. 1979లో అమెరికన్లు వెళ్లిపోయారు, సోవియట్ సైన్యం వచ్చింది. కాలువల పూడిక తీసే నాథుడు లేకుండా పోయాడు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. అఫ్గానిస్థాన్‌లోని పాత కాలువల మీద మిరాబ్ అనే మనిషి ఉంటాడు. మన తెలంగాణ ఊళ్లలోని నీరటికాడి లాంటివాడు. ఎవరి వంతు ఎప్పుడో చూసేది, పూడికతీతకు జనాన్ని కూడగట్టేది అతడే. రైతులు ఎన్నుకుంటారు, జీతం రైతులే ధాన్యంగా ఇస్తారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన మనుషులతో, ఇంజినీర్ల చేతిలోని గేట్లతో నడిచే బోగ్రా కాలువకు అలాంటి కట్టుబాటు వారసత్వంగా రాలేదు. ప్రభుత్వం బలంగా ఉన్నన్నాళ్లు కాలువ నడిచింది. ప్రభుత్వం కూలగానే తుపాకీ ఉన్నవాడి వంతు ముందొచ్చింది.

గసగసాలు నిలబెట్టిన సంసారాలు

యుద్ధాల దశకాల్లో హెల్మండ్ ప్రపంచ నల్లమందు ఉత్పత్తికి కేంద్రమైంది. దీన్ని కేవలం నేరంగానో, తాలిబాన్ల ఆదాయంగానో చూస్తే ఆ జిల్లా జీవితం అర్థం కాదు. మన వంటింట్లో వాడే గసగసాలు, నల్లమందు ఒకే మొక్కవి. పచ్చి కాయకు సాయంత్రం గాట్లు పెట్టి, కారి గట్టిపడిన పాలను మర్నాడు గీకి తీస్తారు. ఈ పని యంత్రాలతో కాదు. హెక్టారు గసగసాలకు 350కి పైగా పనిదినాలు అవసరమని పరిశోధకుల అంచనా. గోధుమకైతే అందులో ఐదో వంతు కూడా అక్కర్లేదు.

ఈ ఒక్క లెక్కలో నాద్ అలీ సామాజిక చరిత్ర చాలావరకు ఉంది. ఇంత పని ఉన్న పంట వేసే భూస్వామికి మనుషులు కావాలి. అందుకని భూమి లేనివాడికి పొలం పాలికి దొరికేది, ఉండటానికి ఇల్లు దొరికేది, కాస్త గోధుమ, కూరగాయలు వేసుకునే చోటూ దొరికేది. 'సలాం' అనే పద్ధతిలో వ్యాపారి రాబోయే నల్లమందు మీద ముందుగానే డబ్బు ఇచ్చేవాడు. ధర మార్కెట్ కంటే బాగా తక్కువ కట్టేవాడు, ఇది దోపిడీయే. కానీ చలికాలంలో పిండికి, మందులకు, పెళ్లికి అప్పు పుట్టే మార్గం అదొక్కటే. ఏ బ్యాంకూ ఆ రైతు గడప తొక్కలేదు. పైగా నల్లమందు ఏళ్ల తరబడి చెడిపోదు, కొనేవాడు ఇంటికే వస్తాడు. కాందహార్ దానిమ్మకు ఆ సౌకర్యం లేదు. 2025 అక్టోబరులో పాకిస్థాన్‌తో ఘర్షణల తర్వాత సరిహద్దు ద్వారాలు మూతపడగానే పండ్ల లారీలు రోడ్డు మీదే ఆగిపోయాయి.

దీనికి మూల్యం కూడా పెద్దదే. నల్లమందు బాకీలు తీర్చలేక ఆడపిల్లల్ని అప్పులవాళ్లకిచ్చి పెళ్లి చేసిన ఉదంతాలు అఫ్గాన్ సమాజానికి తెలుసు. వ్యసనం గ్రామాల్లోకి పాకింది. పంట మీద పన్ను వసూలు చేసుకోని సాయుధ వర్గమంటూ లేదు. అయినా గసగసాలు పోతే ఆ స్థానంలో ఏం వస్తుందన్న ప్రశ్నకు జవాబు లేనంతకాలం రైతు దాన్ని వదల్లేదు.

గోధుమ విత్తనాల పథకం ఏం నేర్పింది

2006లో బ్రిటిష్ దళాలు హెల్మండ్‌లో అడుగుపెట్టాయి. 2008లో గవర్నర్ గులాబ్ మంగల్ హయాంలో 'హెల్మండ్ ఫుడ్ జోన్' పథకం మొదలైంది. కాలువ కింది రైతులకు గోధుమ విత్తనాలు, ఎరువులు ఇచ్చారు. గసగసాలు వేస్తే దున్నేస్తామన్నారు. 2010 ఫిబ్రవరిలో మార్జా, నాద్ అలీలపై వేల మంది సైనికులతో 'ఆపరేషన్ ముష్తరక్' జరిగింది. తాలిబాన్లను తరిమిన వెంటనే సిద్ధంగా ఉంచిన పాలనా యంత్రాంగాన్ని దించుతామని అమెరికా సైన్యాధికారులు అప్పట్లో ఆర్భాటంగా ప్రకటించారు.

మొదట్లో అంకెలు బాగానే కనిపించాయి. ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల, నేరాల నిరోధక కార్యాలయం (యూఎన్‌ఓడీసీ) లెక్కల ప్రకారం హెల్మండ్‌లో గసగసాల సాగు 2008లో లక్ష హెక్టార్లకు పైగా ఉండగా 2011 నాటికి సుమారు 63 వేలకు తగ్గింది. 2013లో మళ్లీ లక్ష దాటింది.

ఏం జరిగింది? గసగసాలు పోయి గోధుమ వచ్చిన పొలానికి కూలీల అవసరం తగ్గింది. భూస్వామి పాలేర్లను పంపించేశాడు. వాళ్లు బోగ్రా కాలువ దాటి ఉత్తరాన ఉన్న ఎడారికి వెళ్లారు. అక్కడ ఇసుక నేలలో బోర్లు వేసి మళ్లీ గసగసాలే సాగు చేశారు. అఫ్గాన్ గ్రామాల్లో దశాబ్దాలుగా పరిశోధన చేస్తున్న డేవిడ్ మాన్స్‌ఫీల్డ్ ఈ క్రమాన్ని వివరంగా నమోదు చేశారు. కాలువ కింద పంట మార్పిడి విజయమని నివేదికలు రాస్తున్న సమయంలోనే, ఆ విజయం వెళ్లగొట్టిన మనుషులు ఎడారిలో కొత్త సాగు ప్రాంతాన్ని సృష్టించారు. పైగా ప్రభుత్వం మీద కోపంతో ఉన్న ఆ జనం తాలిబాన్లకు సహజ మద్దతుదారులయ్యారు.

ఉచిత ఎండ, అడుగంటుతున్న నీరు

ఎడారిలో మొదట డీజిల్ పంపులు పనిచేసేవి. కల్తీ డీజిల్, పాడయ్యే ఇంజిన్లు లాభాన్ని మింగేసేవి. 2013 ప్రాంతంలో సోలార్ పంపులు కనిపించడం మొదలైంది. ఏ ప్రభుత్వమూ సబ్సిడీ ఇవ్వలేదు, ఏ సంస్థా శిక్షణ ఇవ్వలేదు. సంతలో ప్యానెళ్లు దొరికాయి, రైతులు కొన్నారు. 2019 నాటికి ఒక్క హెల్మండ్ లోయలోనే 67 వేల సోలార్ యూనిట్లను ఉపగ్రహ చిత్రాల్లో లెక్కించారు. ప్రపంచంలోనే అత్యంత వేగంగా జరిగిన సౌర విప్లవాల్లో ఒకటి నల్లమందు డబ్బుతో జరిగింది.

ఇందులోని ప్రమాదాన్ని అనంతపురం, నల్లగొండ రైతులకు ఎవరూ వివరించనక్కర్లేదు. తోడటానికి ఖర్చు లేనప్పుడు మోటారు ఆపడానికి కారణం ఉండదు. ఉచిత విద్యుత్తు వచ్చాక మన బోర్ల ప్రాంతాల్లో జరిగిందే అక్కడ ఎండతో జరుగుతోంది. తేడా ఏమిటంటే హెల్మండ్ ఎడారిలో భూగర్భాన్ని మళ్లీ నింపే వాన దాదాపు లేదు. నీటిమట్టం ఏడాదికి 3 మీటర్ల వరకు పడిపోతోందని 2020 నాటి అంచనాలు చెప్పాయి. ఒక బోరు ఎండితే మరింత లోతుకు వెళ్లాలి. అంత డబ్బు తెచ్చే పంట ఒక్కటే ఉండేది. ఇప్పుడు దాన్నే నిషేధించారు.

నిషేధం ఎవరికి లాభం, ఎవరికి నష్టం

2022 ఏప్రిల్‌లో తాలిబాన్ అధినేత హిబతుల్లా అఖుంద్‌జాదా గసగసాల సాగును నిషేధించారు. హెల్మండ్‌లో 2022లో 1,22,045 హెక్టార్లలో ఉన్న సాగు 2023లో 142 హెక్టార్లకు పడిపోయిందని యూఎన్‌ఓడీసీ తెలిపింది. దేశవ్యాప్తంగా తగ్గుదల 95 శాతం. ఇరవై ఏళ్లలో అమెరికా, బ్రిటన్ వేల కోట్లు పోసినా సాధించలేనిది ఒక ఆదేశంతో జరిగింది. 2000లో ముల్లా ఒమర్ విధించిన నిషేధం ఒక్క ఏడాదే నిలిచింది. ఈసారిది అంతకంటే గట్టిది. 2024లో కాస్త పెరిగిన సాగు 2025లో మళ్లీ తగ్గింది.

అయితే ఈ నిషేధం అందరి మీదా ఒకేలా పడలేదు. పొలంలో గసగసాలు ఆగాయి గాని, పాత నిల్వల మీద వ్యాపారం వెంటనే ఆగలేదు. నిషేధానికి ముందు కిలో 100 డాలర్ల దగ్గర ఉన్న నల్లమందు ధర 2024 తొలి నెలల్లో సుమారు 730 డాలర్లకు చేరింది. ఎక్కువ భూమి ఉండి, కొన్నేళ్ల సరుకు ఇంట్లో దాచుకున్నవారికి నిషేధం ఆస్తి విలువను ఏడింతలు చేసింది. ఏ ఏటి పంట ఆ ఏడే అమ్ముకుని, అందులోనూ సగం ముందే సలాం కింద పోగొట్టుకునే పాలికాపు దగ్గర దాచడానికి ఏమీ లేదు. 2023 ధరల ప్రకారం హెక్టారు గసగసాలకు సుమారు 10 వేల డాలర్లు వస్తే గోధుమకు 770 డాలర్లే వస్తాయని యూఎన్‌ఓడీసీ లెక్క. రైతులకు దేశమంతటా కలిపి ఒక్క ఏడాదిలో దాదాపు 100 కోట్ల డాలర్లు తగ్గాయి.

కాలువ కింద నాలుగైదు హెక్టార్లున్న కుటుంబం గోధుమ, పత్తి, మొక్కజొన్న, పెసర మార్చి మార్చి వేసుకుని నెట్టుకురాగలదు. లష్కర్ గాలో పాత పత్తి మిల్లు కూడా ఉంది. ఎడారిలో బోరు మీద బతికే కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు. పైగా ఆ భూమి కాగితాల మీద ప్రభుత్వానిది. ఒకప్పటి కమాండర్లు, పెద్దలు ఆక్రమించి అమ్మిన భూమి. ఆక్రమిత ప్రభుత్వ భూములను వెనక్కి తీసుకునేందుకు తాలిబాన్ ప్రభుత్వం ప్రత్యేక కమిషన్ పెట్టింది. పట్టా లేనివాడికి అది మరో భయం.

ఇలాంటప్పుడు హెల్మండ్ కుర్రాళ్లకు ఎప్పుడూ ఉండే దారి ఇరాన్. నిమ్రూజ్ మీదుగా సరిహద్దు దాటి భవన నిర్మాణ పనులకు వెళ్లడం పాత అలవాటు. ఆ దారి కూడా మూసుకుపోతోంది. 2025లో ఇరాన్, పాకిస్థాన్ కలిసి 20 లక్షల మందికి పైగా అఫ్గాన్లను వెనక్కి పంపాయి. ఇంటికి డబ్బు పంపే చేతులు ఇంట్లో అన్నం అడిగే నోళ్లయ్యాయి. అదే ఏడాది అమెరికా సాయం నిలిచిపోయింది, ప్రపంచ ఆహార కార్యక్రమం రేషన్లు కోసేసింది.

తుపాకీ ఆగింది, మంత్రసాని ఎక్కడ?

ఒక మార్పును తక్కువ చేసి చూడకూడదు. 2021 ఆగస్టు తర్వాత నాద్ అలీలో యుద్ధం లేదు. ఏ మలుపులో మందుపాతర పేలుతుందో, ఏ రాత్రి సైనికులు తలుపు పగలగొడతారో అన్న భయంతో ఇరవై ఏళ్లు గడిపిన ఊళ్లకు రాత్రిపూట రోగిని లష్కర్ గా తీసుకెళ్లగలగడం చిన్న విషయం కాదు. చెక్‌పోస్టుకో లంచం ఇచ్చే బెడద తగ్గింది. పంటలో పదో వంతు 'ఉష్ర్' కట్టాలి గాని, ఎవరికి కట్టాలో తెలుసు. నగరాల్లో తాలిబాన్ల రాక ఒక ముగింపులా కనిపిస్తే, హెల్మండ్ పల్లెల్లో చాలామందికి అది బాంబుల ముగింపు.

కానీ ఆ రోగి స్త్రీ అయితే? మగ డాక్టరు దగ్గరికి ఆడవాళ్లను పంపడానికి ఇష్టపడని పష్తూన్ గ్రామీణ సమాజంలో మహిళా వైద్య సిబ్బందే ఆధారం. ఆరో తరగతి తర్వాత ఆడపిల్లల చదువు 2021 నుంచి ఆగిపోయింది. 2022 డిసెంబరులో విశ్వవిద్యాలయాలు మూసేశారు. 2024 డిసెంబరులో నర్సు, మంత్రసాని కోర్సుల్లో కూడా మహిళల శిక్షణను ఆపేశారు. ఇప్పుడున్న మంత్రసానులు వయసు మీరి ఇంటికెళ్లాక వాళ్ల స్థానంలోకి వచ్చేవాళ్లు ఉండరు. లష్కర్ గాలో వైద్యుల స్వచ్ఛంద సంస్థ ఎంఎస్‌ఎఫ్ 2009 నుంచి తోడ్పడుతున్న బోస్త్ ఆసుపత్రి లాంటిది ఒక్కటి ఎన్ని జిల్లాల భారం మోయగలదు?

దీనికీ, పంట మార్పిడికీ సంబంధం ఉంది. గసగసాలకు బదులు పాడి, కోళ్లు, కూరగాయల విత్తనాలు, ఎండబెట్టిన పండ్లు అని ప్రత్యామ్నాయాల జాబితా ఏ నివేదికలో చూసినా ఉంటుంది. ఆ పనుల్లో చాలావరకు ఇంటి ప్రహరీ లోపల ఆడవాళ్లు చేసేవే. వాళ్లకు నేర్పాల్సిన మహిళా ఉద్యోగులు ఊళ్లకు వెళ్లకుండా స్వచ్ఛంద సంస్థల్లో 2022 డిసెంబరులోనే నిషేధం విధించారు. ఒక చేత్తో పంటను ఆపి, మరో చేత్తో ప్రత్యామ్నాయాన్ని ఆపిన ప్రభుత్వమిది.

కొత్త డ్యామ్‌ల మోజు

కజకీ డ్యామ్ కథ ఈ సందర్భంలో గుర్తు చేసుకోవాలి. 2008లో వేలాది నాటో సైనికులు కాపలాగా మూడో టర్బైన్‌ను కజకీకి చేర్చారు. బిగించడానికి 2016 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాత ఒక తుర్కియే కంపెనీ 100 మెగావాట్ల విస్తరణ చేపట్టి 2022లో ముగించింది. విద్యుత్ సామర్థ్యం 151 మెగావాట్లకు చేరింది. మంచిదే. కానీ ఎగువన ఏ గేటు దించినా దిగువన ఇరాన్ చూస్తుంటుంది. 1973 ఒప్పందం ప్రకారం సాధారణ ఏడాదిలో 82 కోట్ల ఘనపు మీటర్ల నీరు ఇరాన్‌కు వెళ్లాలి. 2023 మేలో సరిహద్దు కాల్పుల్లో రెండు వైపులా మనుషులు చనిపోవడానికి ఈ నీటి తగాదా నేపథ్యం.

మన దేశానికి అఫ్గాన్ నేల మీద మంచి పేరుంది. హెరాత్‌లో సల్మా డ్యామ్‌ను 2016లో పూర్తి చేశాం. దెలారామ్ నుంచి జరంజ్ దాకా 218 కిలోమీటర్ల రోడ్డు వేశాం. అందువల్ల మళ్లీ పెద్ద నిర్మాణాల వైపే చూపు పోవడం సహజం. నాద్ అలీ అనుభవం మరోలా చెబుతోంది. అక్కడ కొరవడింది కాంక్రీటు కాదు. మురుగు పోయే దారి, పూడిక తీసే కట్టుబాటు, బోర్ల లోతుకు ఒక హద్దు, చేతిలో భూమి లేనివాడికి పని. మన దగ్గర వీటన్నింటి అనుభవమూ ఉంది. వాటర్‌షెడ్ పనులు, నీటి సంఘాలు, ఉపాధి హామీ లాంటివి ఎక్కడ ఫలించాయో, ఎక్కడ విఫలమయ్యాయో మనకు తెలుసు. కాలువల పూడికతీతను కూలి పనిగా మార్చి వేతనం చెల్లించే చిన్న పథకం, ఆ కుటుంబానికి ఒక టర్బైన్ కంటే ముందు అందుతుంది.

సాయం పేరుతో సంతకాలు పెట్టేటప్పుడు దిల్లీ అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. నీళ్లు ఎవరి పొలానికి? పని ఎవరికి? ఆ ఊళ్లో ఆడవాళ్లతో మాట్లాడటానికి మహిళా ఉద్యోగిని పంపనిస్తారా? చివరి ప్రశ్నకు తాలిబాన్ ప్రభుత్వం కాదంటే, ఆ పథకం సగం ఊరికి మాత్రమేనని ముందే తెలుసుకుని దిగాలి. గసగసాల నిషేధాన్ని ప్రపంచం మెచ్చుకుంటోంది. దాని ఖర్చును మాత్రం ఇప్పటికి బోగ్రా కాలువకు ఉత్తరాన, నీరు అడుగంటుతున్న బోరు పక్కన ఉన్న కుటుంబమే భరిస్తోంది. ఆ కుటుంబానికి కూలి దొరక్కపోతే, ఆదేశం ఎంత గట్టిదైనా గసగసాలు తిరిగి రావడానికి ఎక్కువ కాలం పట్టదు. 2000 నాటి నిషేధం తర్వాత జరిగింది అదే.